చెనిక్కాయలు తింటున్న కీ.శే. ఓబుళరెడ్డి గారు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు. ఆదివారం చర్చిలో కళ్లు మూసుకున్నప్పుడు దేవుడికి కూడా సగమే చెప్పాను. డైరీలో మాత్రం రాసుకున్నాను, అదీ చీమ తలకాయంత అక్షరాలతో.

నేను ఒక మనిషిని చంపాను. పొద్దున పదకొండింటికి చంపితే, మధ్యాహ్నం రెండున్నరకు ఆయనే జీపు దిగి నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. చంపిన సంగతి నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా అందరికీ తెలుసు, అందులో రహస్యమేమీ లేదు. రహస్యం వేరే. చంపడానికి ముందురోజే, ఈయన బతికే ఉన్నాడేమో అని నాకు అనుమానం వచ్చింది. ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడగడానికి సిగ్గేసి చంపేశాను.

నా సిగ్గు ఎట్లాంటిదో మీకు తెలియదు. ఒకసారి బస్సులో "ఆపండి" అని అనలేక నా స్టాపు దాటిపోయి నందికొట్కూరులో దిగాను. పని అక్కడే ఉన్నట్టు ముఖం పెట్టి, మార్కెట్టులో అరకిలో కాకరకాయలు కొనుక్కుని తిరుగు బస్సెక్కాను. మా ఇంట్లో కాకరకాయ ఎవరూ తినరు. నా గొంతులో పుట్టిన మాట బెలుం గుహల్లో దారి తప్పిన యాత్రికుడి లాంటిది. లోపల్లోపలే తిరుగుతుంది, బయటికి మాత్రం రాదు. అందుకే మనుషులతో మాట్లాడక్కర్లేని చదువని కంప్యూటర్లు చదివాను. కంప్యూటర్ల అవతలి కొసన మనుషులే ఉంటారని కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

నంద్యాల బస్టాండు దగ్గర ఒక మేడ మీద మాకు చిన్న ఆఫీసు ఉంది. నాలుగు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, యజమాని బాషా అన్న. ఆయన నన్ను మూడు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటానన్నాడు. రెండు నెలలా ఇరవై రోజులు నేను నోరెత్తలేదు. "ఈ పాప చానా బుద్ధిమంతురాలు" అనుకున్నాడు పాపం. నోరెత్తని వాళ్లను మనవాళ్లు ఎప్పుడూ బుద్ధిమంతుల లెక్కలోనే వేస్తారు. నా వరకు అది అచ్చంగా పొరపాటు.

అప్పుడే వచ్చింది వీరాచారి గారి వెబ్‌సైటు పని. ఆళ్లగడ్డ రోడ్డు మీద వరసగా రాళ్లు చెక్కే శాలలు ఉంటాయి కదా, అందులో ఒకటి ఆయనది. దేవుళ్లను చెక్కుతాడు, మనుషులనూ చెక్కుతాడు. ఎవరి విగ్రహం ఎంతవరకు వచ్చిందో సైటులో చూపించాలి, పని చివరికి వస్తే వాళ్లిచ్చిన నంబర్లకు కబురు పోవాలి. "ఈయనకు నచ్చితే ఆ రోడ్డు మీద శిల్పులందరూ మన దగ్గరికే వస్తారు. నచ్చకపోతే నువ్వూ నేనూ ఆడనే రాళ్లు మోసుకోవాల" అన్నాడు బాషా అన్న.

ఇక్కడ మా విద్య గురించి రెండు ముక్కలు చెప్పాలి. భయపడకండి, రెండే.

సైటులో ఒక్కో రకం వస్తువుకు ఒక్కో మోడల్ ఉంటుంది. ఇటుకల బట్టీలో చెక్క అచ్చు లాంటిదన్నమాట. పేరుకొక గడి, ఊరికొక గడి, తేదీకొక గడి. ఈ మోడళ్లలో ఒకదాన్ని ఇంకోదానికి తండ్రిని చేయొచ్చు. అట్లా చేస్తే తండ్రికున్న గడులూ గుణాలూ బిడ్డకు అడక్కుండానే వస్తాయి. ఎంత సుఖమో చూడండి! మన ఇళ్లలో తండ్రి ఆస్తి బిడ్డకు రావాలంటే నలుగురు పెద్దమనుషులు కూర్చోవాలి. ఇక్కడ ఒక్క లైను రాస్తే చాలు.

నేను 'మనిషి విగ్రహం' అని ఒక తండ్రి మోడల్ కట్టాను. పేరు, ఊరు, పుట్టిన తేదీ, మరణించిన తేదీ. పేరుకు ముందు దానంతట అదే 'కీ.శే.' వచ్చి చేరుతుంది. పేజీలో ఫొటోకు బంతిపూల దండ, పక్కన వెలుగుతున్న దీపం. మరి మన ఊళ్లలో విగ్రహమంటే చచ్చినవాళ్లదే కదా! చౌరస్తాలో నిలబడిన వాళ్లలో ఊపిరి తీసుకునే వాడిని మీరెవరైనా చూశారా? నేను చూడలేదు. కాబట్టి విగ్రహం ఉన్న మనిషి చచ్చినట్టే అని సిద్ధాంతం చేశాను.

ఆ తండ్రికి నలుగురు బిడ్డలు. పొలాల్లో పెట్టే సమాధి విగ్రహం, సైనికుడి విగ్రహం, క్రైస్తవుల సమాధి ఫలకం, దాత విగ్రహం. దేవుళ్లను మాత్రం ఈ వంశంలో కలపలేదు, వేరే మోడల్ పెట్టాను. ఆ మాత్రం తెలివి ఉండబట్టి అహోబిలం నరసింహస్వామికి కీ.శే. తగిలించిన పాపం నాకు చుట్టుకోలేదు.

తరువాత టెస్టులు. టెస్టు అంటే మనం రాసిన కోడ్‌ను పరీక్షించడానికి రాసే ఇంకో కోడ్. ఒప్పయితే పచ్చ గీత, తప్పయితే ఎర్ర గీత. ఆ పది రోజులు నేను చేసిన పని చెబితే మీరు నన్ను దగ్గరికి రానివ్వరు. టెస్టు కోసం మనుషులను పుట్టించడం, చంపడం, కీ.శే. చేరిందో లేదో చూడటం, తుడిచెయ్యడం. యముడికైనా మధ్యలో భోజన విరామం ఉంటుందేమో గానీ నాకు లేదు.

అందులోనూ నా గొప్పతనం ఒకటుంది. మా జేజి, అదే మా నాయనమ్మ, సమాధి మీద 'కీ.శే.' అని ఉండదు, 'ప్రభువునందు నిద్రించిన' అని ఉంటుంది. అది గుర్తుపెట్టుకుని, క్రైస్తవ ఫలకానికి తండ్రి గుణం మార్చి రాశాను. సైనికుడికి 'అమరుడు' అని మార్చాను. మార్చిన ప్రతిదానికీ టెస్టు రాశాను. దాత దగ్గరికి వచ్చేసరికి మార్చడానికి ఏమీ కనపడలేదు. "తండ్రిని పరీక్షించేశాం కదా, బిడ్డను మళ్లీ ఎందుకు" అనుకుని, టెస్టు రాయకుండా వదిలేశాను. గీతలన్నీ పచ్చగా వచ్చాయి, తొలకరికి కేసీ కాలువ గట్టు మాదిరి. బాషా అన్న చూసి "శభాష్" అన్నాడు. ఆ రోజు డైరీలో నా గురించి నేనే ఒక పేజీన్నర పొగుడుకున్నాను.

చచ్చినవాళ్లలో ఎన్ని రకాలున్నాయో అన్నింటినీ పరీక్షించాను. బతికున్నవాడు ఒకడు వస్తాడేమో అని మాత్రం పరీక్షించలేదు.

సైటు వీరాచారి గారి చేతికిచ్చిన మరుసటి రోజు మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశాడు. బాషా అన్న భోజనానికి పోయాడు. తొమ్మిదిసార్లు మోగినాక ఎత్తాను.

"పాపా, ఆ దాత అనే దాంట్లో ఒకాయన పేరు ఎక్కిస్తాండా. మరణించిన తేదీ రాయమంటాది. రాయకుంటే ముందుకు పోనీదు."

"సరే సార్."

"ఆ గడిలో రాసేదానికి నా దగ్గర ఏమీ లేదు పాపా. రోంత దాన్ని చూడు."

"చూస్తా సార్."

"చెయ్యి బిడ్డా, పుణ్యముంటాది."

ఇదీ సంభాషణ. ఇందులో నా వాటా నాలుగు మాటలు, వాటిలో రెండు 'సార్'లే.

ఫోన్ పెట్టేశాక వచ్చింది అనుమానం. నల్లరాతితో విగ్రహం చేయించేటంత అభిమానం ఉన్నవాళ్లకు మనిషి పోయిన తేదీ తెలియకుండా ఉంటుందా? కొంపదీసి ఆయన... అని సగం అనుకున్నాను. తిరిగి ఫోన్ చేసి "సార్, ఈయన ఉన్నారా, పోయారా?" అని అడగాలి. అడిగే మాటను కాగితం మీద మూడు రకాలుగా రాసుకున్నాను. 'గారు' ఎక్కడ పెట్టాలో ఆలోచించాను. నంబరు నొక్కాను. ఒకసారి మోగగానే కట్ చేశాను.

సరే, గడి తీసేద్దామనుకున్నాను. తండ్రి మోడల్లోంచి మరణం తీసేస్తే, దాన్ని నమ్ముకున్న టెస్టులన్నీ ఎర్రబడతాయి. నా పచ్చని చేను ఎండిపోతుంది. అందుకని తెలివిగా ఒక లైను రాశాను. మరణించిన తేదీ ఖాళీగా ఉంటే, ఏ రోజు ఎక్కిస్తే ఆ రోజు తేదీనే వేసుకోమని. టెస్టులు మళ్లీ నడిపాను. అన్నీ పచ్చగానే ఉన్నాయి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నేను అడగకుండానే ఏకంగా దండ పెట్టేశాను.

మర్నాడు పదకొండింటికి వీరాచారి గారు ఆ గడి ఖాళీగా వదిలేసి దాత పేరు ఎక్కించాడు. పదకొండున్నరకు బాషా అన్న ఫోన్ చెవిన పెట్టుకునే నా దగ్గరికొచ్చాడు. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"గ్రేసీ, ఓబుళరెడ్డి ఎవరు?"

"దాత అన్నా. ఊరి బడికి స్థలమిచ్చారంట. చనిపోయారు."

"చనిపోయినాయనే ఇప్పుడు నాతో మాట్లాడినాడు."

నేను కంప్యూటర్ వైపు తిరిగాను.

"నా నంబరు యాడ దొరికిందప్పా అంటే, నా దీపం కింద రాసిండారు అన్నాడు. ఏందిది గ్రేసీ?"

పేజీ తెరిచాం. నిలువెత్తు మనిషి, తెల్ల పంచె, ఎండకు మాడిన ముఖం. మెడలో నేను కట్టిన బంతిపూల దండ. పక్కన దీపం ఎంతో శ్రద్ధగా వెలుగుతోంది. 'కీ.శే. ఓబుళరెడ్డి గారు. మరణం:' అని, ఎదురుగా ఆ రోజు తేదీ. కింద 'వీరి విగ్రహము సిద్ధమగుచున్నది' అని నేనే ఎంచి ఎంచి పెట్టిన గ్రాంథిక వాక్యం. విగ్రహావిష్కరణకు పిలవాల్సిన వాళ్లు వీళ్లని ఓబుళరెడ్డి గారు స్వయంగా రాసిచ్చిన నంబర్లన్నింటికీ ఈ పేజీ వెళ్లిపోయింది. బంధువులు, బడి పంతుళ్లు, ఊరి పెద్దలు, ఎరువుల అంగడాయన, ఒక్కరినీ వదల్లేదు. కోడ్ బాగా పనిచేసింది. పాపం, దాని తప్పేమీ లేదు.

తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? తండ్రి మోడల్ చచ్చిపోతే బిడ్డ మోడల్ బతికి బట్టకడుతుందా?

"పద ఆళ్లగడ్డకు" అన్నాడు బాషా అన్న. "చేసినదానివి నువ్వూ రావాల."

బస్సులో ఆయన వెనక్కిపోయి కూర్చుని నా తల వెనక భాగాన్ని చూస్తూ ఉన్నాడు. చూపు తగులుతోంది. నా పక్కన ఒకావిడ కూర్చుంది. ఒళ్లో తడిగుడ్డ చుట్టిన పూలదండ. శిరివెళ్ల దాటేసరికి ఆమె ఏడుపు అందుకుంది.

"ఏమైందమ్మా?" అంది ముందు సీటు ముసలమ్మ.

"మా ఓబుళరెడ్డి మామ పోయినాడమ్మా. ఈ పొద్దే. మొన్న పెండ్లిలో నాకు వడ్డించినాడు."

ఆమె నా భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఇప్పుడు చెప్పాలి. "అమ్మా, మీ మామ బతికే ఉన్నాడు" అంటే అయిపోతుంది. అయిదే మాటలు. నోరు తెరిచాను.

"ఊరుకోండి" అన్నాను.

చూశారా! ఊరుకోండి అన్నాను. నా దగ్గరున్న నీళ్ల సీసా ఇచ్చాను. చేతి రుమాలు ఇచ్చాను. ఆయన ప్రాణం మాత్రం ఇవ్వలేదు. దిగేటప్పుడు ఆమె నా తల నిమిరి "నీ మాదిరి మనసున్న పిల్లలు ఈ కాలంలో యాడుండారు తల్లీ" అని వెళ్లిపోయింది. బాషా అన్న ఇదంతా వెనక నుంచి చూసి, దిగాక "ఎవరామె? మీ చుట్టమా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను.

శాలలో ఆ రోజు ఉలి చప్పుడు లేదు. రాతి పొడి మీద పీట వేసుకుని వీరాచారి గారు ఫోన్‌ను రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాడు. తేలును చూసినట్టు దాన్నే చూస్తున్నాడు. వెనకాల నల్లరాతి ఓబుళరెడ్డి నిలబడి ఉన్నాడు. చొక్కా మడతలు, చేతి కర్ర, మీసం కొసలు, అన్నీ అయ్యాయి. కళ్లు మాత్రం తెరవలేదు. కళ్లు చివరన తెరుస్తారు.

"పాపా, నా చేతి తప్పే" అన్నాడు నన్ను చూడగానే. "ఆ మిషన్ మనకు అలవాటు లేదు గదా, యాడనో తప్పు మీట నొక్కినట్టుండా."

నేను విగ్రహం కాళ్ల వైపు చూశాను.

"నాలుగు నెలల పని పాపా ఇది" అన్నాడు మళ్లీ. "బతికున్న మనిషికి విగ్రహమేంది, ఊరికి అరిష్టమని ఆ ఊరి పెద్ద మద్దిలేటి మొదటి నుంచీ అడ్డం పడతాండాడు. సచ్చినాక పెడితే నేనెట్ల చూస్తానప్పా అని ఓబుళరెడ్డి పంతం పట్టినాడు. నేను కూడా జంకుతానే ఒప్పుకుంటి. ఇప్పుడు సూడు, కండ్లు తెరవకముందే మనిషిని చంపితి. ఇంక ఆయన ఈ రాయిని ముడతాడా? ముట్టకుంటే దీన్ని ఎవురు తీసుకుంటారు? ఇంకొకరి ముఖం దీనికి పెట్టేకి వస్తాదా?"

"ఆర్డర్లేమన్నా పోయినాయా అన్నా?" అన్నాడు బాషా అన్న మెల్లగా.

"పోలేదు, వస్తాండాయి! అదే నా ఖర్మ. పోయిన పూటే విగ్రహం తయారంటే ఎంత బేగా చేసినాడో వీరాచారి అని మెచ్చుకుంటాండారు. ఒకడు ఫోన్ చేసి, మా మామ ఇయ్యాలో రేపో అన్నట్టుండాడు, మాకూ ఇంతే బేగా ఇస్తావా అన్నాడు."

అప్పుడు వచ్చింది జీపు. ముందు ఒకావిడ దిగింది, ఆయన భార్య సుబ్బమ్మవ్వ. ఎర్ర జాకెట్టు, రెండు చేతుల నిండా గాజులు. తరువాత దిగాడు కీర్తిశేషుడు. విగ్రహం కంటే రోంత పొట్టి. చంకలో పూలదండల కట్ట.

"ఇవన్నీ నావే" అన్నాడు రాతిబండ మీద దండలు పడేసి. "నాకని తెచ్చినవి ఇంటికాడ వదిలిపెట్టి వస్తానా?"

"ఎవురు చేసిండేది?" అంది అవ్వ. ఆమె గొంతుకు రాళ్లు కూడా సర్దుకుని నిలబడ్డాయి. "పొద్దున ఈయన నా పక్కన కూచోని చెనిక్కాయలు ఒలుచుకుని తింటాండాడు. ఫోన్ వస్తే ఎత్తితి. అన్న పోయినాడంట గదా వదినా అంటాది మా ఆడబిడ్డ. యాడికి పోయినాడే, ఈడనే తింటాండాడు, గంప ఖాళీ చేస్తాండాడు అంటి. అది నమ్మల్యా! దుఃఖంలో వదినకు మతి చలించిందని పక్కన వాళ్లతో చెప్తాంది, నాకు ఇనపడతానే ఉంది."

బాషా అన్నకు నవ్వొచ్చింది. దగ్గుగా మార్చాడు.

"నవ్వబాకు అబ్బీ" అంది అవ్వ. "గంటకల్లా వాకిలి నిండిపాయ. ముగ్గురు ఆడోళ్లు వచ్చి కూచున్నారు. ఆయన ఎదురుగా మంచం మీద ఉండాడా, ఆయన్ను చూడల్యా. నా గాజులు చూస్తాండారు. ఎప్పుడు పగలగొట్టాల అన్నట్టు చూస్తాండారు. ఆ చూపు నాకు పోదు."

నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అమ్మా, పెద్దాయనా, అది సర్వర్ ప్రాబ్లమ్" అన్నాడు బాషా అన్న. మా వృత్తిలో ఇది ఆపద మొక్కు లాంటిది. "మా చేతిలో ఉండదు. హైదరాబాదులో ఉంటాది."

"సర్వరంటే మిషనే గదప్పా" అన్నాడు ఓబుళరెడ్డి తాత. "మిషన్‌కు నా మీద ఏం పగ? నేను పొలం గట్టు జరిపినానా దానిది?"

"నా తప్పే రెడ్డీ" అంటూ వీరాచారి గారు పీట మీంచి లేచాడు. "నేనే ఏదో తప్పుగా నొక్కింటా. నీకిష్టం లేకుంటే ఈ రాయి నువ్వు తీసుకోవద్దు. నేను నిన్ను ఒక్క మాట అనను."

దేవుడి తరువాత దేవుడంతటి శిల్పి, చేతులు కట్టుకుని నిలబడి, నేను రాసిన ఒక్క లైనుకు క్షమాపణ అడుగుతున్నాడు. నా గొంతు గుహలోని యాత్రికుడు ఎక్కడి నుంచి వచ్చాడో, ఎట్లా దారి కనుక్కున్నాడో నాకు తెలియదు.

"నేనే తాతా!" అన్నాను.

కావలసిన దానికంటే గట్టిగా వచ్చింది. రోడ్డు అవతల టీ తాగేవాళ్లు కూడా తిరిగి చూశారు. ఇన్నేళ్లు దాచిపెట్టిన గొంతంతా ఒకేసారి ఖర్చయిపోయింది.

"నువ్వా?" అంది అవ్వ. "నోట్లో నాలుక లేనట్టుండావ్, నువ్వా మా ఆయన్ను చంపింది?"

"అవునవ్వా. వీరాచారి సార్ తప్పేం లేదు. సర్వర్ తప్పు కూడా లేదు."

"ఎట్ల చంపినావ్, రోంత చెప్పు" అన్నాడు తాత బండ మీద కూర్చుంటూ, ఎవరో ఊరి సంగతి అడిగినట్టు.

చెప్పాను. మోడల్ అని, డేటాబేస్ అని మొదలుపెట్టి, ఆయన ముఖం చూసి ఆపి, మళ్లీ మొదలుపెట్టాను. "కంప్యూటర్లో ఒక తండ్రిని పెట్టినాను తాతా. తండ్రికి ఏముంటే బిడ్డలకు అవన్నీ వస్తాయి. పేరు, ఊరు, అన్నీ. విగ్రహమంటే పోయినోళ్లదే అనుకుని, ఆ తండ్రికి చావు రాసినాను. నువ్వు బిడ్డవు. అందుకని నీకూ వచ్చింది. బిడ్డను వేరే చూడాల్సింది, చూడలేదు."

ముందురోజు వచ్చిన అనుమానం గురించి మాత్రం చెప్పలేదు. ధైర్యం ఒక్కరోజుకు అంతే ఇచ్చారు నాకు.

తాత నీళ్లు అడిగి తాగాడు. తరువాత జేబులోంచి ఫోన్ తీసి వీరాచారి గారికిచ్చాడు.

"దీంట్లో మద్దిలేటి మాట్లాడి పంపినాడు. ఊర్లో అందరికీ పంపినాడంట. పెట్టు, ఇందాం."

ఊరి పెద్ద గొంతు వణుకుతూ వచ్చింది. "మన ఊరి బడికి స్థలమిచ్చిన మహానుభావుడు ఓబుళరెడ్డన్న ఇక లేడు. అట్లాంటి మనిషి మళ్లా పుట్టడు. ఆయన విగ్రహం బడి ముందర పెట్టకపోతే ఈ ఊరికే సిగ్గుచేటు. అడ్డమొచ్చినోడు మనిషే కాదు..."

తాత దాన్ని మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి కూడా పెట్టమన్నాడు. అవ్వ విసుగ్గా "సాల్లే" అంది.

"నాలుగు నెలలు నా ముఖం మీద అరిష్టమనిన నాలికే గదా ఇది!" అన్నాడు తాత. "అడ్డమొచ్చినోడు మనిషే కాదంట! ఊరంతా ఇన్నారు. ఇప్పుడు నేను బతికినానని మాట మారుస్తాడా? మారిస్తే, నన్ను సచ్చిపొమ్మన్నట్టే గదా." వీరాచారి గారి వైపు తిరిగాడు. "అప్పా, నువ్వు కండ్లు తెరువు. నేను ఈడనే కూచుంటా. ఈ రాయి నాదే, బడి ముందరికే పోతాది."

వీరాచారి గారు తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. రాతి పొడి కళ్లలో పడిందన్నాడు. ఉలి ఆడని రోజున పొడి ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

నేను అక్కడే బాషా అన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. తండ్రి మోడల్లోంచి చావు తీసేశాను. దండ, దీపం, కీ.శే., అన్నింటినీ పోయినవాళ్లకని వేరే ఒక మోడల్ కట్టి దాని కిందికి పంపాను. దాతకు మొట్టమొదటిసారి టెస్టు రాశాను. 'బతికున్న మనిషి బతికున్నట్టే కనపడాలి' అని. నడిపితే ఎర్ర గీత వచ్చింది, ఇంకేదో మిగిలిపోయింది. సరిచేశాను. పచ్చ గీత వచ్చింది. తాతను చూశాను, బండ మీద కూర్చుని టీ తాగుతున్నాడు. టెస్టూ మనిషీ ఒకే మాట చెప్పడం నా జీవితంలో అదే మొదలు.

అవ్వ నా వెనక నిలబడి తెర చూసింది. దండ మాయమైన ఫొటోను వేలితో ఒకసారి తాకి, "ఇంక మళ్లా రాదు గదా?" అంది. రాదవ్వా అన్నాను. నమ్మినట్టు లేదు. మళ్లీ ఒకసారి తెరిచి చూపించమంది.

"నీ మూడు నెలలు ఇంకో మూడు నెలలు పొడిగిస్తాండా" అన్నాడు బాషా అన్న. "సర్వర్ ప్రాబ్లమ్ అన్న మాటను అందరి ముందర అబద్ధం చేసినావు చూడు, దానికి." మొదటి మూడు నెలల్లో నోరెత్తలేదని మెచ్చుకున్న మనిషి, నోరెత్తినందుకు పొడిగించాడు. న్యాయమే.

ఇక తాత జీపెక్కుతూ నాతో ఏమన్నాడో చెప్పి ముగించాలి. అంతకన్నా ముందు, ఈ కథ చదివిన మీరందరూ సాక్షులుగా, కుడిచేయి కీబోర్డు మీద పెట్టి నా ప్రతిజ్ఞ: తండ్రి మంచివాడని బిడ్డను పరీక్షించకుండా ఇకపై వదలను. పచ్చ గీత చూసి మురిసి పేజీన్నర డైరీ రాయను. మనిషి ఉన్నాడో పోయాడో తెలియనప్పుడు, ఉన్నాడనే రాస్తాను, పోయాడని వాళ్లే వచ్చి చెప్పుకోనీ. బస్సులో నా భుజం మీద తల పెట్టి ఏడ్చేవాళ్లకు నిజం చెబుతాను, కనీసం దిగేలోపు. ఈ ప్రతిజ్ఞ తప్పితే నా పేరు ముందు ఏది వచ్చి చేరినా నోరెత్తను.

జీపు స్టార్టయింది. అవ్వ ముందే ఎక్కి కూర్చుని "రా, పొద్దుపాయ" అంటోంది. తాత ఒక కాలు లోపల పెట్టి, నన్ను చేత్తో పిలిచాడు. దగ్గరికి పోయి తల దించుకుని నిలబడ్డాను.

"తప్పేముందిలే పాపా," అన్నాడు. "మా నాయనకొచ్చిన సావు నాకు రాకుండా యాడికి పోతాది? నువ్వు రోంత బేగా తెచ్చినావు, అంతే."